మూతి కిందికి వంచి

కారు కదిరి దాటేసరికి మధ్యాహ్నం మూడున్నర అయింది. వెనక సీట్లో సైన్సు టీచరు వనజాక్షి ఒళ్లో తలపెట్టుకుని హేమలత వెల్లకిలా పడుకుని ఉంది. పిల్ల కుడి కంటి మీద టీ తాగే కాగితం కప్పును సగానికి కత్తిరించి బోర్లించి, చుట్టూ తెల్ల ప్లాస్టరు అంటించి పంపించాడు కదిరి డాక్టరు. ఒక కన్ను కదిలితే రెండోదీ కదులుతుందని ఎడమ కంటికి కూడా దూది పెట్టి కట్టు కట్టాడు. కప్పుకు ఏదీ తగలకూడదు, పిల్ల ఏడవకూడదు, దగ్గకూడదు, అనంతపురం పెద్దాసుపత్రికి చేరగానే ఆపరేషను చేయాల్సి రావచ్చు కాబట్టి చుక్క నీళ్లు కూడా నోట్లో పోయకూడదు అని ఆయన చెబుతుంటే వనజాక్షి బడిపిల్లలా ఒక్కోదానికీ తల ఊపింది. గాజు ముక్క లోపలే ఉందా అని అడగాలనుకుంది. అడగలేదు. అడిగితే అవునంటాడేమోనని భయం. ఇప్పుడు అడగనందుకు భయం. ముందు సీట్లో వ్యాయామం సారు తిప్పేస్వామి తన పాత కారు నడుపుతున్నాడు. గుంత కనిపించినప్పుడల్లా "పట్టుకోండి మేడం" అంటాడు, ఆమె రెండు అరచేతులతో పిల్ల తలను అటూ ఇటూ పట్టుకుంటుంది, కారు ఎగిరి దిగుతుంది, ఆమె కప్పు వైపు చూస్తుంది, కప్పు అంచున ప్లాస్టరు లేవలేదు కదా, కింద తడి కనిపించడం లేదు కదా, మళ్లీ ఊపిరి వదులుతుంది.

చెప్పాను కదా, అనుకుంది. పంతొమ్మిదేళ్లుగా సైన్సు చెబుతోంది, ఏ ఏడూ చెప్పకుండా వదల్లేదు. మైలుతుత్తం ముక్కలు నీలంగా, గట్టిగా, ముట్టుకుంటే పొడిగా ఉంటాయి. గాజుగొట్టంలో వేసి సారాయి దీపం మీద కాస్తే నీలం పోయి తెల్లటి పిండి మిగులుతుంది, ఎందుకంటే ఆ ముక్కల లోపల నీళ్లున్నాయి, అవి ఆవిరైపోయాయి. చల్లారాక రెండు చుక్కల నీళ్లు వేస్తే పిండి మళ్లీ నీలమవుతుంది. నీళ్లున్నది ఆర్ద్ర లవణం, పోగొట్టుకున్నది అనార్ద్ర లవణం, లోపల దాగినది స్ఫటిక జలం. ఇదంతా పరీక్షలో వస్తుంది. దీపం వెలిగించే ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది, అది మాత్రం పరీక్షలో రాదు. గొట్టం మూతిని కొంచెం కిందికి వంచి పట్టుకోవాలి. లేచిన ఆవిరి చల్లటి మూతి దగ్గర చుక్కలు కడుతుంది, మూతి పైకి ఉంటే ఆ చుక్కలు వెనక్కి జారి కాలుతున్న అడుగును తాకుతాయి, గాజు పగులుతుంది. బి.ఇడి. చదివేటప్పుడు లెక్చరరు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న మచ్చ చూపించి, ఈ మాట చెప్పకుండా పిల్లల్ని దీపం దగ్గరికి రానివ్వొద్దు అన్నాడు. మరి ఈ పొద్దు చెప్పిందా? చెప్పింది. తన గొంతు తనకే వినిపిస్తోంది. మూతి కిందికి, బాగా చూడండి, ఇట్లా. చెయ్యి వంచి చూపించిన కదలిక మోచేతిలో ఇంకా ఉంది. చెప్పింది కాబట్టి పిల్లే వినలేదు. పిల్లే విననప్పుడు తన తప్పేముంది అనుకోగానే ఒక్క క్షణం గుండె తేలికైంది, అంతలోనే ఒళ్లో ఉన్న తల బరువు తెలిసి సిగ్గేసింది.

కానీ పదో తరగతికి సెక్షన్లు రెండు. రెండో పీరియడ్ 'ఎ' సెక్షను, నాలుగో పీరియడ్ బి సెక్షను. అదే పాఠం, అవే గొట్టాలు, అవే నాలుగు దీపాలు. ఒకే రోజు ఒకే పాఠం రెండుసార్లు చెబితే సాయంత్రానికి రెండూ కలిసిపోతాయి, ఏ ప్రశ్న ఎవరు వేశారో, ఏ నవ్వు ఏ గదిదో తెలియదు. హేమలత బి సెక్షను. చెప్పిన మాట రెండింట్లో ఏ సెక్షన్లో చెప్పింది? బి సెక్షన్లో జరిగినదాన్ని మొదటి నుంచీ తలుచుకుందాం అనుకుని కళ్లు మూసుకుంది. ఆషాఢం గాలి కిటికీ రెక్కల్ని కొడుతోంది, రెక్క కింద ఇటుకరాయి పెట్టమంది. హాజరు వేసింది. హేమలత లేచి పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టింది. బడి సీసాలో మిగిలిన మైలుతుత్తం 'ఎ' సెక్షనుకే చాలుతుందని పోయిన వారం తను అంటే, "మా అమ్మ చీనీ చెట్లకు పూసేది ఇదే గదా మేడం, నేను తెస్తా" అంది ఆ పిల్ల. వాళ్లమ్మ తిమ్మమ్మ ముదిగుబ్బ పక్క చీనీ, అదే బత్తాయి, తోటలో వారాల తరబడి పనికి ఉంటుంది, ఆదివారం ఇంటికి వస్తుంది. ఆదివారం తెచ్చిచ్చిన పొట్లం, దినపత్రికలో కట్టి పైన రబ్బరు బ్యాండు వేసింది. తను పిల్లను మెచ్చుకుంది, అందరిచేతా చప్పట్లు కొట్టించింది. చప్పట్ల తరువాత? ప్రశ్న. అవును, హేమలతే. "పొడిగా ఉండేదాంట్లో నీళ్లు యాడుంటాయి మేడం, చేతికి తడే కాదే." ఐదు నీటి అణువులు లెక్కగా కూర్చుని ఉంటాయి అని బోర్డు మీద రాసింది. "ఆ నీళ్లు తాగొచ్చునా?" అంటే క్లాసంతా నవ్వింది, తనూ నవ్వింది. నవ్విన తరువాత? దీపాలు వెలిగించింది. నవ్వుకూ దీపాలకూ మధ్య ఏదో ఉండాలి. అక్కడ వెతికితే ఏమీ దొరకడం లేదు, కిటికీ చప్పుడు తప్ప.

ఆ తరువాతది మాత్రం చెరిగిపోకుండా ఉంది. హెడ్మాస్టరు గంగాధరప్ప తలుపు దగ్గర నిలబడి, భోజనం ఫోటో యాప్‌లో ఎక్కించాల, టైమైపోతాంది, సిగ్నలు మీ ఫోనుకే వస్తాది, ఒక్క నిమిషం రాండి మేడం అన్నాడు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఆర్పి పోవాలని తోచింది, నిజంగా తోచింది, నాలుగు ఆర్పి మళ్లీ నాలుగు వెలిగించాలంటే గంట కొట్టేస్తారు అని కూడా తోచింది. వరండా చివర చెయ్యి పైకెత్తి ఫోను పట్టుకుంది. పప్పు, అన్నం, గుడ్ల ఫోటో మీద చిన్న గుండ్రం తిరుగుతూ ఉంది. గదిలో టప్‌మని చప్పుడయింది, బల్బు పేలినంత, అంతే. కేక వినపడలేదు. కేక వినపడి ఉంటే అంత భయం వేసేది కాదేమో. ఆమె పరుగెత్తి వచ్చేసరికి పిల్లలందరూ గోడకు ఆనుకుని ఉన్నారు, హేమలత ఒక్కతే బల్ల దగ్గర నిలబడి కుడి చేత్తో కన్ను మూసుకుని, "ఏం కాలేదు మేడం" అంది. వేళ్ల మధ్య నుంచి నీలమూ కాని ఎరుపూ కాని నీళ్లు మోచేతి దాకా దిగుతున్నాయి. తాగే నీళ్ల క్యాను వంచి, వంచి, క్యాను ఖాళీ అయ్యేదాకా కన్ను కడిగింది. గాజుందేమో అని తెలిసీ కడిగింది, మందు లోపలుంటే ఇంకా చెడ్డదని కడిగింది. కడగడం మంచిదే అయింది అన్నాడు కదిరి డాక్టరు. కానీ ఆయన అలా అనే ముందు ఒక క్షణం ఆగాడు. ఆ ఆగడం ఎందుకు?

"మేడం, గొంతెండుకుపోతాంది" అంది హేమలత.

"కొంచెం ఓర్చుకోమ్మా. ఆడికి పోయినాక ఇస్తారు."

"నాలుక తడుపుకునేంత?"

"వద్దన్నాడమ్మా డాక్టరు."

 సీటు కింద నీళ్ల సీసా కారు ఊగినప్పుడల్లా దొర్లి కాలికి తగులుతోంది, లోపలి నీళ్ల చప్పుడు పిల్లకు వినిపిస్తుందేమోనని వనజాక్షి సీసాను మడమతో సీటుకు అదిమిపెట్టింది. బయట ఎర్రటి నేల, దున్ని వాన కోసం వదిలేసిన చేలు, విత్తనం పడని సాళ్ల మీదుగా దుమ్ము లేచి రోడ్డుకు అడ్డంగా పోతోంది. దూరంగా గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. గోరంట్లలో చిన్నప్పుడు వాళ్ల వీధి చివర ఒక నేతగాడుండేవాడు, ఒక కన్ను ఉడికించిన గుడ్డులా తెల్లగా ఉండేది. పిల్లలంతా మెల్లగా ఆయన గుడ్డి వైపు నుంచి పోయి చప్పట్లు కొట్టి పారిపోయేవాళ్లు. ఆయన ఉలిక్కిపడి చూసే చూపు కోసమే కొట్టేవాళ్లు. తనూ కొట్టింది, ఎన్నిసార్లో. ఆయన పేరేమిటి? పేరు ఎవరూ పలకలేదు, కంటితోనే పిలిచేవాళ్లు. ఈ పిల్లనూ అట్లాగే పిలుస్తారు. పెళ్లిచూపుల్లో, బస్సుల్లో, బడి గేటు దగ్గర. రేపు సూదిలో దారం కూడా ఎక్కించలేకపోతుంది. వద్దు, వద్దు, ఇంకా ఏమీ తెలియదు కదా. చెయ్యి తనకు తెలియకుండానే పిల్ల నుదుటి మీది వెంట్రుకలు సర్దుతోంది, వెంటనే కప్పు దగ్గరగా పోయానని భయపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఫోను మోగింది. గంగాధరప్ప. "యాడి దాకా పోయినారు మేడం? సరే, ఒక మాట ఇనండి. ఆ పిల్ల ఇంటినుంచి మందు తెచ్చింది. అది పిల్లలందరూ చూసినారు. భోజనం బెల్లులో ఎవురికీ చెప్పకుండా వెలిగించుకునింది. అంతే. మీరు చూళ్లేదు, నేను చూళ్లేదు. ఎవురడిగినా ఒకటే మాట ఉండల్ల."

"నేను చూళ్లేదనేది నిజమే సార్. మీరు ఫోటోకి పిలిస్తే బయటికొచ్చినా."

 "అది చెప్పాల్సిన పనేముండాది మేడం" అన్నాడాయన, గొంతు తగ్గించి. "నాకింకా రెండేండ్లే సర్వీసు. మీకు పద్దెనిమిదేండ్లుండాది. ఆలోచన చేయండి."

ఆయన చెడ్డవాడు కాదు. పిల్ల కంట్లో నీళ్లు పోస్తున్నప్పుడు తల పట్టుకున్నది ఆయనే, చొక్కా అంతా తడిసింది. ఆయనా భయపడుతున్నాడు, తనలాగే. పైగా ఆయన చెప్పిన అబద్ధంలో సగం నిజమే ఉంది, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. పొట్లం ఇంటినుంచే వచ్చింది. తను గదిలో లేదు. రెండు నిజాల మధ్య ఒక్క చిన్న అబద్ధం పెడితే మొత్తం నిలబడుతుంది. ఎవరు తోసినా పడదు. ఫోను పక్కన పెట్టి చూస్తే హేమలత పెదవులు కదులుతున్నాయి. కళ్లకు కట్లున్నాయి గానీ చెవులకు లేవు కదా అని అప్పుడు తట్టింది వనజాక్షికి. ఫోను పిల్ల తలకు జానెడు దూరంలో ఉంది ఇంతసేపూ.

"నేను బెల్లులో వెలిగించలేదు మేడం."

"తెలుసమ్మా."

"అమ్మ అడిగితే మీరే చెప్పండి మేడం. నేను చెప్తే నమ్మదు. బడి మాన్పిస్తాది."

ముందు సీట్లో తిప్పేస్వామి అద్దంలోంచి ఒకసారి చూసి, మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు.   ముదిగుబ్బ ఇంకా పది కిలోమీటర్లు అని రాయి కనిపించింది. ముదిగుబ్బ దాటాక తోట మలుపు దగ్గర తిమ్మమ్మ రోడ్డు మీద నిలబడి ఉంటుంది, తిప్పేస్వామి ఫోన్లో చెప్పాడు. పిల్ల తండ్రి దాసప్ప గొర్రెల మందతో కర్ణాటక వైపు పోయి రెండు నెలలయింది, ఆయన ఫోను కలవడం లేదు. పది కిలోమీటర్లంటే పది నిమిషాలు. పది నిమిషాల్లో ఆ తల్లి ఎదురుగా ఉంటుంది. అంతలోపల తేల్చుకోవాలి. చెప్పిందా, లేదా. చెప్పి ఉంటే ఏం జరిగినా తల ఎత్తుకుని చెప్పొచ్చు, అమ్మా, నేను చెప్పాను, పిల్ల మర్చిపోయింది అని. ఆ ఒక్క ఆధారం కావాలి. మూతి కిందికి, బాగా చూడండి, ఇట్లా. అలా అంటూ చెయ్యి వంచినప్పుడు ఎదురుగా ఎవరున్నారు? ఎవరో నవ్వారు. నవ్వు గుర్తుంది. ఎందుకు నవ్వారు? ఒకడు తన మెడనే పక్కకు వంచి, నాలుక బయటపెట్టి, గాజుగొట్టంలా నిలబడ్డాడు. దాంతో అందరూ మెడలు వంచారు. గదినిండా వంగిన మెడలు. తను కూడా నవ్వు ఆపుకోలేక డస్టరు విసిరింది. వాడెవడు? మొదటి బెంచీ, చివరివాడు, పళ్ల మధ్య సందు. ఓబుళేసు.

ఓబుళేసు 'ఎ' సెక్షను.

 ఇంకొకసారి చూసుకుంది, ఏదైనా పొరపాటు దొరుకుతుందేమోనని. ఓబుళేసు ఈ పొద్దు బి సెక్షన్లో కూర్చున్నాడా? లేదు. ఆ నవ్వు రెండో పీరియడ్ నవ్వు. కిటికీలోంచి ఎండ ఇంకా బోర్డు మీదే ఉంది. నాలుగో పీరియడ్లో ఎండ లేదు, నవ్వు వేరు, నీళ్లు తాగొచ్చునా అన్న నవ్వు. ఆ నవ్వు అయిపోగానే, ఒకసారి చెప్పిన మాట నోట్లో ఇంకా రుచిలాగా ఉంది కాబట్టి, ఇప్పుడే కదా చెప్పాను అనిపించి, అగ్గిపుల్ల గీసింది. అంతే. బద్ధకం కాదు, నిర్లక్ష్యమూ కాదు, చెప్పేశాను అన్న తృప్తి. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు ఆ మాట వినకుండా దీపాల దగ్గర కూర్చున్నారు. నాలుగు గొట్టాల్లో ఏది పగిలినా పగిలేది. ఇప్పుడు తెలిసింది. తెలియనంతసేపూ భయం ఎటువైపు నుంచి వస్తుందో తెలియలేదు, ఇప్పుడు ఎదురుగానే నిలబడింది. చిత్రంగా ఆమెకు ఏడుపు రాలేదు. ఈ సంగతి ప్రపంచంలో తనకొక్కదానికే తెలుసు అన్న ఆలోచన మాత్రం వచ్చింది.

తిమ్మమ్మ మైలురాయి పక్కన నిలబడి ఉంది. చీర కొంగు గాలికి తల మీద నిలవడం లేదు. కారు పూర్తిగా ఆగకముందే తలుపు పట్టుకుని లాగింది, లోపలికి వంగి చూసింది, కప్పునూ కట్టునూ చూసింది. పిల్ల "అమ్మా" అంది. ఆమె రెండు చేతులూ పిల్ల వైపు పోయి మధ్యలో ఆగాయి. గోళ్ల సందుల్లో, అరచేతి గీతల్లో నీలం. పొద్దున్నుంచి చీనీ చెట్ల మొదళ్లకు సున్నమూ మైలుతుత్తమూ కలిపి పూస్తూ ఉండిందట, కబురు రాగానే అలాగే వచ్చేసింది. చేతులను వెనక్కి లాక్కుని చంకల్లో దాచుకుంది. ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి, సీటు మీదుగా పిల్లను చూస్తూ ఉండిపోయింది. కారు కదిలింది.

"ఈ మందే గదా" అంది చాలాసేపటికి. ఎవరితోనో కాదు, తనతోనే. "నేనే ఇచ్చినా. పేపరుముక్కలో నా చేత్తోనే పొట్లం కట్టినా. బడికమ్మా, మేడం అడిగిందమ్మా అంటే, కొంచెం ఏమిటికి, ఇంత తీసుకోని పో అని ఇంకో గుప్పెడు ఏసినా. నా బిడ్డ కన్ను నేనే తీస్తినే."

"అమ్మా, ఏడ్వద్దు. నువ్వు ఏడిస్తే నాకూ వస్తాది, డాక్టరు ఏడ్వొద్దన్నాడు" అంది హేమలత.

తిమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వనజాక్షి కిటికీ వైపు చూసింది. రోడ్డు పక్క చీనీ తోటలు, మొదళ్లకు మోకాలెత్తున తెల్లటి నీలం పూత, ఒకే ఎత్తున, వరసగా, ఒక తోట అయిపోతే ఇంకొకటి. ఇంక ఏమీ చెయ్యనక్కర్లేదు అని తట్టింది ఆమెకు. అబద్ధం చెప్పనక్కర్లేదు, గంగాధరప్ప నేర్పిన ముక్క కూడా పలకనక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు. తల్లే తన నెత్తిన వేసుకుంది. రేపూ అదే అంటుంది, ఎవరొచ్చి అడిగినా అదే అంటుంది, పదేళ్లకైనా అదే అంటుంది, రాత్రిళ్లు లేచి తన చేతులు తను చూసుకుంటుంది. ఊరికే ఉండటం ఎంత సులభం. అనంతపురం ఇంకా నలభై కిలోమీటర్లు. నలభై కిలోమీటర్లు నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది, పేరు నిలుస్తుంది, పద్దెనిమిదేళ్లు. ఆమె నాలుక అంగిట్లో అంటుకుపోయింది. పిల్లకు నీళ్లు లేవు కాబట్టి తనూ తాగలేదు ఇంతసేపూ. చెబితే ఈ ఆడమనిషి ఏం చేస్తుంది? తలుపు తీసి రోడ్డు మీదికి తోస్తుందా? తోటలో ఉన్న మగవాళ్లను పిలుస్తుందా? రేపు బడి గేటు దగ్గర వంద మంది నిలబడతారు. బత్తలపల్లి వచ్చింది, దాటిపోయింది. సెంటర్లో బస్సు ఎదురుగా వచ్చి హారను కొడితే పిల్ల ఉలిక్కిపడింది, దగ్గు వచ్చింది, ఆపుకోవడానికి శరీరమంతా బిగించుకుంది. ఆ చిన్న దగ్గును ఆపుకుంటున్న పిల్ల ఛాతీ తన చేతి కింద ఎగిరెగిరి పడుతుంటే, వనజాక్షికి తన గొంతు తనకు తెలియని చోటు నుంచి వచ్చింది.

"తిమ్మక్కా, నీ మందు వల్ల కాదు."

తిమ్మమ్మ తిరిగి చూసింది.

"మందు మంచిదే. గాజుగొట్టం పగిలింది. కాల్చేటప్పుడు దాని మూతి కిందికి వంచి పట్టుకోవల్ల, లేకుంటే పగుల్తాది. అది నేను చెప్పల్ల పిల్లలకు. 'ఎ' సెక్షనోళ్లకు చెప్పినా. మీ పాప సెక్షనుకు చెప్పడం మర్చిపోయినా. అది పగిలినప్పుడు నేను గదిలో కూడా లేను, ఫోను పట్టుకోని బయట ఉండా. బెల్లులో కాదు, నా క్లాసులోనే జరిగింది. పాప తప్పు లేదు. నీ తప్పూ లేదు."

 తిప్పేస్వామి వేగం కొంచెం తగ్గించాడు, ఎందుకో ఆయనకే తెలియదు, మళ్లీ పెంచాడు. తిమ్మమ్మ రెప్ప కొట్టకుండా చూస్తోంది. వనజాక్షి ఆ చూపును భరించలేక కిందికి చూసింది, కింద కప్పు ఉంది. చెప్పేస్తే భారం తగ్గుతుందంటారు. ఏమీ తగ్గలేదు. భయం రెండింతలయింది, ఇప్పుడు కంటి కోసమూ, తన కోసమూ.

"నిజమేనా?" అని తిమ్మమ్మ కూతుర్ని అడిగింది.

"మేడం చెప్పలేదుమ్మా" అంది హేమలత చిన్నగా. "చెప్పింటే నేను అట్లే పట్టుకునేదాన్ని."

పిల్లకు మొదటి నుంచీ తెలుసు. తెలిసీ ఏం కాలేదు మేడం అంది, తెలిసీ ఫోను మాట విని ఊరుకుంది. వనజాక్షి ఒళ్లో ఆ తల ఇప్పుడు వేరే మనిషి తలలా అనిపించింది.

తిమ్మమ్మ చెయ్యి చాచింది. "నీళ్లుంటే ఇయ్యి. చేతులు కడుక్కోవల్ల." వనజాక్షి మడమ కింది సీసా తీసి ఇచ్చింది. తిమ్మమ్మ కిటికీ అద్దం దించి, చేతులు బయట పెట్టి, కొంచెం కొంచెంగా పోసుకుంటూ గోటితో గోరు గీకి కడిగింది. గాలికి నీళ్లు వెనక అద్దం మీద చుక్కలుగా పడ్డాయి. చీరకు తుడుచుకుని, సీటు మీదుగా వంగి, కూతురి పాదం పట్టుకుంది. పట్టుకునే అంది, వనజాక్షి వైపు చూడకుండా: "నిన్ను నేనింకా ఏమీ అన్లేదు. అంటా. ముందు ఇది కానీ."

ఆసుపత్రిలో రిజిస్టరు దగ్గర కూర్చున్న మనిషి తల ఎత్తకుండానే, ఎట్లా జరిగింది, ఎక్కడ జరిగింది, అప్పుడు పక్కన ఎవరున్నారు అని అడిగాడు. వనజాక్షి చెబుతూ పోయింది, అతను రాస్తూ పోయాడు: బడిలో, నాలుగో పీరియడ్లో, ప్రయోగం చేస్తుండగా, టీచరు బయట ఉన్న సమయంలో. టీచరు పేరు అని అడిగితే తన పేరు చెప్పింది. పెన్ను కదిలిన చప్పుడుకు బల్ల అంచు పట్టుకుంది. సంచిలో ఫోను మోగుతోంది. తీసి, "రాయించేసినా సార్" అంది. గంగాధరప్ప ఏదో అంటున్నాడు, ఆమెకు వినిపించలేదు. పిల్లను స్ట్రెచరు మీద తీసుకుపోయారు. ఒక పడుచు డాక్టరమ్మ వచ్చి, మత్తు ఇచ్చి చూడాలి, తల్లి సంతకం కావాలి అని ఒక కాగితం ఇచ్చి పోయింది. తిమ్మమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. చుట్టూ చూసింది. కారిడారులో ఎంతోమంది ఉన్నారు, నర్సులున్నారు, తిప్పేస్వామి గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆమె వచ్చి వనజాక్షి పక్కన కూర్చుని కాగితం ఆమె ఒళ్లో పెట్టింది.

"సదువు. నాకు భయమైతాదని ఏదీ ఇడ్సిపెట్టొద్దు."

వనజాక్షి చదివింది. రోగి పేరు, వయసు, ఏ కన్ను. మత్తుమందు వల్ల రాగల ఇబ్బందులు. ఒక్కో వాక్యం చదివి, ఆ మాటకు అర్థం చెప్పి, ఆగి, తిమ్మమ్మ తల ఊపాక ఇంకో వాక్యం. ఆరో వరుస దగ్గర కళ్లు ముందే పోయి ఆ మాటను చూశాయి, చదవడం ఆపింది. తిమ్మమ్మ ఆమె ముఖం చూస్తోంది. "గాయం తీవ్రతను బట్టి చూపు కొంతగాని, పూర్తిగాని పోయే అవకాశం ఉందని నాకు వివరించారు" అని చదివింది వనజాక్షి. "మళ్లీ సదువు ఆ ముక్క" అంది తిమ్మమ్మ. మళ్లీ చదివింది. రెండోసారి చదివేటప్పుడు అక్షరాలు ఊగాయి, కానీ ఏదీ మింగలేదు. తిమ్మమ్మ పెన్ను పిడికిట్లో పట్టుకుని, రాత్రిబడిలో నేర్చుకున్న మూడు అక్షరాలూ ఒకదానికొకటి దూరంగా రాసింది.

ఆ తరువాత గంటా పది నిమిషాలు ఇద్దరూ అదే బెంచీ మీద కూర్చున్నారు. ట్యూబులైట్లు వేశారు. వనజాక్షి తలుపు పైని ఎర్రదీపాన్ని చూస్తూ ఉండిపోయింది, అది ఆరిపోతే మంచి కబురో చెడ్డ కబురో తెలియక, ఆరకూడదనీ ఆరాలనీ రెండూ అనుకుంటూ. రేపు విచారణకు వస్తారు. ఉద్యోగం నిలిపేస్తారేమో. బి సెక్షను పిల్లలు ఏమనుకుంటున్నారో, ముప్ఫై ఏడు మంది, ఈ పొద్దు అన్నం తిన్నారో లేదో. అనార్ద్రం అనే మాట ఇక తన నోటితో పలకగలదా? తిమ్మమ్మ ఒక్కసారి మాత్రం అడిగింది, "నీకు పిల్లలుండారా?" అని. ఉన్నారని చెబితే, "ఊఁ" అంది.

ఏడున్నర దాటాక డాక్టరమ్మ బయటికి వచ్చి ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది. నల్లగుడ్డు అంచున తెగింది, ఆవగింజంత గాజు ముక్క తీశాము, మూడు కుట్లు వేశాము, లోపలికి పోలేదు, చూపు నిలుస్తుంది అంది. ఎంత నిలుస్తుందో నెల పోయాక చెప్పగలం, మచ్చ మాత్రం ఉంటుంది అని కూడా అంది. తిమ్మమ్మ బెంచీ మీదినుంచి జారి నేల మీద కూర్చుని రెండు చేతులూ జోడించింది. వనజాక్షి లేవబోయి లేవలేకపోయింది. ఎంత నిలుస్తుందో అన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. నెల అంటే ముప్ఫై రోజులు, ముప్ఫై రాత్రులు, ఈ భయం అన్ని రోజులూ తనతో లేచి తనతో పడుకుంటుంది. ఇంకోవైపు, నిలుస్తుంది అని ఆ మనిషి తన నోటితో అంది కదా.

పిల్లను బయటికి తెచ్చారు. కంటి మీద కాగితం కప్పు లేదు, తెల్లటి గట్టి మూత ఉంది. ఎడమ కంటి కట్టు విప్పారు, రెప్ప సగం తెరుచుకుని మత్తులో తేలుతోంది, ఎవరినీ గుర్తుపట్టడం లేదు. తిమ్మమ్మ వంగి పేరు పెట్టి పిలిచింది. హేమలత పెదవులు తడుపుకుని, నాలుక తిరగక తిరగక, "మేడం ఉండారామ్మా?" అంది.

తిమ్మమ్మ తల ఎత్తి వనజాక్షిని చూసింది. కారులో చూసిన చూపే, కొంచెం కూడా మెత్తబడలేదు.

"ఉండాది" అంది. "ఈడే ఉండాది. యాడికి పోతాది."

వనజాక్షి స్ట్రెచరు రెండో పక్కకు వచ్చి కమ్మీ పట్టుకుంది. వార్డు వైపు ఇద్దరూ చెరో పక్కన నడిచారు.